కూర్చోగలిగిన బాల్కనీ కోసం: తిరుపతి నుంచి రెండు ఓడ ప్రయాణాలు

తిరుపతిలో మా పాత ఇంటి మిద్దె మీద నిలబడితే కొండ మొత్తం కనిపించేది. దీపాలు పెట్టే వేళకి మా నాయన అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఘాట్ రోడ్డులో బస్సుల లైట్లు మలుపు మలుపుకీ కనిపించి మాయమవుతుంటే లెక్కపెట్టేవాడు. తర్వాత ఎదురుగా అపార్ట్‌మెంటు లేచింది, కొండ కనిపించడం మానేసింది. కొన్నేళ్లకి మేమూ ఫ్లాట్‌కే మారిపోయాం. ఇప్పుడున్న బాల్కనీలో వాషింగ్ మెషీన్, ఖాళీ గ్యాస్ సిలిండరు, తులసి కుండీ పోగా ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు మాత్రమే మిగిలింది.

అందుకే నాయన షష్టిపూర్తి అయ్యాక అమ్మానాయన ఇద్దరినీ ఓడ ఎక్కిద్దాం అనుకున్నప్పుడు నా మనసులో ఉన్నది ఒకటే. ఉదయం కాఫీ తాగుతూ, ఎవరూ అడ్డం రాకుండా, కూర్చుని చూసే చోటు వాళ్లకి దొరకాలి. స్విమ్మింగ్ పూల్, షోలు, షాపింగ్ ఉంటే ఉండనీ, లేకపోతే లేదు. ఇది మొదటిసారి సరిగ్గా కుదరలేదు. రెండోసారి కుదిరింది. తేడా ఎక్కడ వచ్చిందో ఓపిగ్గా రాస్తున్నాను, ఎందుకంటే పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ డబ్బు మళ్లీ మళ్లీ పెట్టలేరు.

మొదటి ప్రయాణం చెన్నై హార్బర్ నుంచి. తెల్లవారుజామున కారులో పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లాం. విమానం అవసరం లేదు, ఇంటి నుంచే సామాను డిక్కీలో వేసుకోవచ్చు. ఆ సుఖం మాటల్లో చెప్పలేనిది. బుకింగ్ చేసిన ఏజెంటు "సూట్ తీసుకోండి సార్, అన్నిటికన్నా పెద్దది, బాల్కనీ కూడా ఉంటుంది" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అక్కడే తప్పు చేశాను.

గది నిజంగా పెద్దదే. సోఫా, పెద్ద మంచం, బాత్‌టబ్ అన్నీ ఉన్నాయి. బాల్కనీ తలుపు తీయబోతే మాత్రం నా వల్ల కాలేదు. గది ఓడ ముందు కొసన ఉంది. ఓడ కదులుతుంటే ఎదురు గాలి తలుపును లోపలికి నెట్టేస్తుంది. ఇద్దరం కలిసి తోసి బయటికి వెళ్తే అమ్మ చీర కొంగు పట్టుకోవడానికే రెండు చేతులూ చాలలేదు. సరే, గాలి తగ్గాక చూద్దాం అని సాయంత్రం ఓడ నెమ్మదించినప్పుడు ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాను. అమ్మ ఒక నిమిషం చూసి, "ఇదేం బాల్కనీరా, లేచి నిలబడితేనే సముద్రం కనిపిస్తా ఉండాది. కూర్చుంటే గోడ" అంది. ముందు భాగం అంతా ఇనుప రేకు, నా గుండె ఎత్తు దాకా. ఐదడుగుల అమ్మ కూర్చుంటే కళ్లకి తెల్ల పెయింటు తప్ప ఇంకేమీ ఆనలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని నిలబడి చూడమని ఎలా చెప్పను?

దీనికి తోడు మా గది మీదే పూల్ డెక్, అంటే స్విమ్మింగ్ పూల్ ఉన్న అంతస్తు. తెల్లారకముందే పైన నేల కడిగే చప్పుడు, తర్వాత కుర్చీలు ఈడ్చి వరుసగా వేసే చప్పుడు. నాయన మూడు రోజులూ ఆ గదిలో టీవీ చూసి, సాయంత్రాలు పై డెక్ మీద జనం మధ్య ఒక బెంచీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆయన ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు నగరి దాటాక "ఆ గదికి ఎంత పెట్టినావు?" అని అడిగాడు. నేను తగ్గించి చెప్పాను.

ఆ తర్వాత ఆరు నెలలు ఓడల డెక్ ప్లాన్లు చూడడమే నా పని అయింది. ప్రతి ఓడకీ అంతస్తుల వారీగా గదుల బొమ్మ కంపెనీ వెబ్‌సైటులోనే ఉంటుంది. గది నంబరుతో సహా. మనం ఇల్లు కొనేముందు లేఅవుట్ చూస్తాం కదా, అంత శ్రద్ధగా దీన్ని చూడాలి.

ఓడల్లో సొంత బాల్కనీ అనేది పాత సంగతేం కాదు. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ ఓడలో గదులన్నీ సముద్రం వైపే ఉండేవి, చాలావాటికి బాల్కనీలు ఉండేవి. అంతకుముందు అది బాగా డబ్బున్నవాళ్లకే దక్కేది. ఇప్పుడు కొత్త పెద్ద ఓడల్లో సగానికి పైగా గదులకి బాల్కనీ ఉంటుంది. దాంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, బాల్కనీ అన్న ఒక్క మాట కింద రకరకాలవి అమ్ముతున్నారు. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్ లాంటి ఓడల్లో కొన్ని బాల్కనీలు లోపలి తోట వైపు చూస్తాయి. చెట్లు కనిపిస్తాయి, సముద్రం కనిపించదు. 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్‌లో చాలా గదులకి బయటికి పొడుచుకొచ్చే బాల్కనీ ఉండదు. బటన్ నొక్కితే పెద్ద కిటికీ పై సగం కిందికి దిగుతుంది, గది చివరి భాగమే బాల్కనీ అవుతుంది. వానకి, గాలికి అది మంచిదే. నాయన లాంటివాళ్లకి మాత్రం తలుపు దాటి బయటికొచ్చి కూర్చున్నామన్న తృప్తి ఉండదని నాకనిపించింది. కార్నివాల్ ఓడల్లో కోవ్ బాల్కనీ అని ఒకటుంది. నీటికి దగ్గరగా, ఓడ పొట్టలో తొలిచినట్టు ఉంటుంది. నీడ బాగుంటుంది, అలల చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. కానీ ముందు ఇనుప గోడే. మా అమ్మకి మళ్లీ అదే కథ.

కాబట్టి నా మొదటి ప్రశ్న: రెయిలింగ్ గాజుదా, ఇనుప రేకుదా? ఏజెంటుకి తెలియకపోతే అదే గది ఫోటో పంపమని పట్టుబట్టాలి. ఓడలో చాలావరకు గాజే అయినా కొన్ని డెక్‌లలో మాత్రం రేకు ఉండొచ్చు.

రెండోది లైఫ్‌బోట్లు. ఓడ పక్కన వేలాడే నారింజ రంగు పడవలివి. వాటి వెనక గదులకి దృశ్యం అడ్డమని కంపెనీలే చెబుతాయి, ధర కూడా తగ్గిస్తాయి. వాటికి సరిగ్గా పై అంతస్తులో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పరు. ఎదురుగా సముద్రం కనిపిస్తుంది గానీ, కిందికి చూస్తే నీళ్లకి బదులు పడవల పైకప్పులు. ఓడ పక్కగా నురుగు కోసుకుంటూ పోవడం చూడాలంటే ఇంకో రెండంతస్తులు పైకి వెళ్లడం మేలు.

మూడోది, గదికి పైనా కిందా ఏముంది? పైనా గదులే, కిందా గదులే ఉండాలి. పైన పూల్, బఫే, కింద థియేటర్ ఉన్నాయంటే నేను ఆ గది ముట్టుకోను.

ఇక ముందు, మధ్య, వెనక. ముందు కొస సంగతి చెప్పాను. పైగా ఎదురు వైపు చూసే గదులకి ఇంకో నియమం ఉంటుంది. ఓడ నడిపేవాళ్లకి చీకట్లో చూపు చెదరకుండా రాత్రి కర్టెన్లు వేసేయాలి. వెనక కొస గదులు చాలామందికి ఇష్టం. బాల్కనీ పెద్దది, గాలి తక్కువ, ఓడ వెనక తెల్లటి దారి పరుచుకుంటూ పోవడం చూడొచ్చు. ఆ దృశ్యం కోసం నేనూ ఊగిసలాడాను. కానీ అక్కడ ఇంజన్ల అదురు తెలుస్తుంది, ఒక్కోసారి పొగగొట్టం మసి కుర్చీల మీద పడుతుంది. అన్నిటికీ మించి, లిఫ్టు నుంచి ఆ పొడవాటి వరండా అంతా నడవాలి. అలిపిరి మెట్లు మొక్కు ఉన్నా ఎక్కలేక మానుకున్న అమ్మతో రోజుకి ఆరేడుసార్లు ఆ నడక వద్దనుకున్నాను. ఓడ మధ్యలో, లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో తీసుకున్నాం. ఊగడం కూడా అక్కడే తక్కువ.

సూటా, మామూలు బాల్కనీ గదా అన్నది ఇంకో పెద్ద లెక్క. మాకు చెప్పిన ధరల్లో సూట్ దాదాపు రెట్టింపు. దాంతో వచ్చేవి ముందుగా ఎక్కించడం, వేరే డైనింగ్ హాలు, పిలిస్తే పలికే మనిషి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి క్యూ లేకుండా ఎక్కడం నిజంగా విలువైనదే, దాన్ని తీసిపారేయను. అయితే చిన్న సూట్లలో చాలాసార్లు లోపలి గదే పెరుగుతుంది, బాల్కనీ మామూలు గదిదే ఉంటుంది. గది వైశాల్యం, బాల్కనీ వైశాల్యం విడివిడిగా అడగండి. కొందరు రెండూ కలిపి చెబుతారు. చవగ్గా వస్తుందని గ్యారంటీ బుకింగ్ మాత్రం తీసుకోవద్దు. అందులో గది నంబరు కంపెనీ ఇష్టం. ఇంత చదివి, చివరికి ఏది వస్తే అది తీసుకోవడం ఎందుకు?

రెండో ప్రయాణం సింగపూర్ నుంచి మలేషియాలోని పెనాంగ్, మూడు రాత్రులు. చెన్నై నుంచి విమానం నాలుగు గంటల పైచిలుకు. వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూసుకోవాలి, ఓడ తిరిగొచ్చాక మళ్లీ సింగపూర్‌లో దిగాలి కదా. మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో వీల్‌చైర్ అడిగితే వెంటనే ఇచ్చారు.

ఏ పక్క గది తీసుకోవాలన్నది నేను మ్యాపు ముందు పెట్టుకుని తేల్చాను. ఓడ వాయవ్యంగా పెనాంగ్ వెళ్తుంది. అప్పుడు కుడి పక్క ఈశాన్యం వైపు ఉంటుంది, అంటే మొదటి ఉదయం సూర్యోదయం కుడి పక్క గదులకే. తిరిగి వచ్చేటప్పుడు ఓడ ముఖం అటు నుంచి ఇటు మారుతుంది, సాయంత్రం ఎండ, సూర్యాస్తమయం రెండూ మళ్లీ కుడి పక్కకే. ఎడమ పక్కవాళ్లకి రెండో ఉదయం సూర్యోదయం దక్కుతుంది గానీ, పెనాంగ్ చేరిన రోజు సాయంత్రం ఓడ రేవులో కట్టేసి ఉంటుంది. అందుకని కుడి పక్కే తీసుకున్నాం. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఎండ గట్టిగా కొట్టింది, అది నిజం. పై అంతస్తు బాల్కనీ మా నెత్తిన కప్పులా ఉండబట్టి ఓర్చుకున్నాం. మెట్లు మెట్లుగా వెనక్కి జరిగే డెక్‌లలో ఆ కప్పు ఉండదు, పైనవాళ్లకి మనం కనిపిస్తాం కూడా.

సింగపూర్ టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ సూర్యుడు ఏడు దాటితే గానీ రాడు. మా అమ్మ రోజూ నాలుగున్నరకి లేస్తుంది, అంటే అక్కడ ఏడు. అలారం లేకుండా సరిగ్గా సూర్యోదయానికి లేచింది. గదిలో కెటిల్ ఉంది, ఇంటి నుంచి తెచ్చిన కాఫీ పొడితో కలుపుకుంది. తలుపు గడప కొంచెం ఎత్తుగా ఉంటే నాయన చెయ్యి పట్టుకుని దాటి కూర్చుంది. రెయిలింగ్ మీద చెయ్యి వేసి, తీసి, వేళ్లు చూసుకుంది. ఉప్పు తేమ. నాలుకకి తగిలించి చూసి నవ్వింది. గాజు మీద కూడా ఉప్పు పొర, దానిలోంచి నీళ్లు కాస్త మసగ్గా కనిపించాయి. గది చూసుకునే అబ్బాయికి చెబితే పది నిమిషాల్లో తుడిచి వెళ్లాడు. అతను మూడు రోజులూ అమ్మని "మామ్" అంటూ ఎంతో మర్యాదగా చూశాడు. తడిసిన చీర రెయిలింగ్ మీద ఆరేస్తే మాత్రం మెత్తగా వద్దని చెప్పాడు. గాలికి ఎగిరిపోతుంది, పైగా నిప్పు భయం. అగరొత్తులు, దీపం కూడా వెలిగించకూడదు. అమ్మ వెంకన్న ఫోటో పెట్టుకుని చేతులు జోడించుకుంది.

ఒక చిన్న సంగతి ఎవరూ చెప్పరు. బాల్కనీ తలుపు తెరిచి ఉండగా గది తలుపు తీశామో, గాలి సొరంగంలోలా దూసుకొచ్చి రెండోది దడాలున కొట్టుకుంటుంది. వేళ్లు నలుగుతాయి. చాలా ఓడల్లో బాల్కనీ తలుపు తెరిస్తే ఏసీ ఆగిపోతుంది కూడా. ఇంకా, పక్క బాల్కనీలో సిగరెట్ కాలిస్తే మన బాల్కనీ పనికిరాదు. చాలా కంపెనీలు నిషేధించాయి, కొన్నిచోట్ల ఇంకా ఒప్పుకుంటారు. బుక్ చేసేముందే అడగాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మన శాకాహారం దొరికింది, పప్పు బాగుంది, అన్నం మెతుకు గట్టి. ఇంటి నుంచి తీసుకెళ్లిన చెనక్కాయల పొడి ఆదుకుంది. పెనాంగ్‌లో ఎండకి గంటన్నర తిరిగి ఓడకే వచ్చేశాం. ఇద్దరికీ దిగాలన్న తొందర లేదు, ఎక్కాలన్న తొందరే.

చివరి తెల్లవారుజామున ఇంకా చీకటి. సింగపూర్ దగ్గర పడుతుంటే సముద్రం మీద లంగరేసిన ఓడల లైట్లు, ఎటు చూసినా. నాయన దుప్పటి కప్పుకుని బయట కూర్చున్నాడు. నేను లేచి వెళ్లేసరికి వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. "నలభై ఒకటి" అన్నాడు నాతో, ఇంకేమీ అడక్కుండానే. ఆ పక్క కుర్చీలో నేనూ కూర్చున్నాను. సామాను సర్దాల్సిన టైము దాటిపోయినా ముగ్గురిలో ఎవరమూ లేవలేదు.

ఈసారి మా అత్తామామలని కూడా తీసుకెళ్లాలని ఉంది. అదే డెక్, కుడి పక్క, లిఫ్టుకి దగ్గర, పక్కపక్క గదులు రెండు అడిగాను. రెండు బాల్కనీల మధ్య అడ్డు తీయించగలరా అని కూడా అడిగాను. కొన్ని ఓడల్లో తీస్తారట, మా గదులకి కుదురుతుందో లేదో చెప్పాల్సి ఉంది.