విమ్‌లోనే ఉండాలా, వీఎస్ కోడ్‌కి మారాలా?

రెండూ కోడ్ రాసుకునే ఎడిటర్లే. డబ్బు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: రెండూ ఉచితమే.

నేర్చుకోవడం: వీఎస్ కోడ్‌లో తెరిచిన రోజే పని మొదలుపెట్టొచ్చు. 1991 నాటి విమ్ అలా కాదు. దాంతోపాటే వచ్చే విమ్‌ట్యూటర్ పాఠానికి అరగంట చాలు గానీ, వేళ్లకు అలవాటు కావడానికి వారాలు పడుతుంది. కొత్తవాళ్లకు బయటికి రావడమే పెద్ద గండం: ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. సేవ్ చేయని మార్పులు మాత్రం పోతాయి.

బరువు: విమ్ తేలిక. వీఎస్ కోడ్ లోపల ఉన్నది క్రోమియం బ్రౌజరే, ఎక్స్‌టెన్షన్లు (మనం తగిలించుకునే అదనపు హంగులు) పెరిగేకొద్దీ ర్యామ్ తింటుంది. నెమ్మదించిందా? కమాండ్ పాలెట్‌లో (ఆదేశాలు టైప్ చేసే పెట్టె) 'ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్' నడపండి. సగం సగం ఆపుతూ దోషిని పట్టిస్తుంది.

సర్వర్ మీద: కాన్ఫిగ్‌లో ఒక్క లైను మార్చాలంటే విమ్‌దే పైచేయి. దూరంగా ఉన్న మెషిన్ ఫైళ్లు తెరిచే వీఎస్ కోడ్ రిమోట్ అవతలి మెషిన్‌లో తన సర్వర్ ప్రోగ్రామ్‌ను దింపుకుంటుంది. మెమరీ తక్కువుంటే అక్కడే చతికిలబడుతుంది. విమ్‌కీ ఓ చికాకుంది: టెర్మినల్‌లో కోడ్ పేస్ట్ చేస్తే ఒక్కోసారి ఇండెంటేషన్ మెట్లుమెట్లుగా పక్కకి జరిగిపోతుంది. ముందు 'సెట్ పేస్ట్', అయ్యాక 'సెట్ నోపేస్ట్' కొట్టాలి.

రోజంతా టెర్మినల్‌లో ఉండేవాళ్లు విమ్ వదలక్కర్లేదు. టైప్‌స్క్రిప్ట్, డీబగ్గర్‌తో పనైతే వీఎస్ కోడ్. విమ్ కీలు కావాలంటే అందులో విమ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. పాత విమ్‌ఆర్‌సీ (విమ్ సెట్టింగుల ఫైలు) మొత్తం పనిచేస్తుందని మాత్రం ఆశపడొద్దు.