రొయ్యల చెరువు గట్టు మీద స్ప్రెడ్ స్పెక్ట్రమ్ వీశాట్: ఒక సమీక్ష

కాట్రేనికోన మండలంలో సముద్రం వైపున్న మా రొయ్యల చెరువుల దగ్గర మొబైల్ సిగ్నల్ నిలకడగా ఉండదు. అందుకే నీటిలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ల రీడింగులు ఉపగ్రహం ద్వారా పంపే వీశాట్ (చిన్న డిష్ ఉన్న ఉపగ్రహ టెర్మినల్) సేవను తీసుకున్నాం. ఈ సేవలో రిటర్న్ ఛానల్, అంటే గట్టు మీది డిష్ నుంచి ఉపగ్రహం మీదుగా హబ్‌కు (సేవా సంస్థ ప్రధాన భూకేంద్రానికి) చేరే దారి, స్ప్రెడ్ స్పెక్ట్రమ్ (సంకేతాన్ని చాలా వెడల్పైన బ్యాండులో పరిచి పంపే) పద్ధతిలో నడుస్తుంది. మనవంటి తీరానికి ఇదే తగిన పద్ధతి అని నా అభిప్రాయం.

దీనికి మొదటి కారణం డిష్ పరిమాణం. డిష్ చిన్నదైతే దాని కిరణం వెడల్పై, భూస్థిర కక్ష్యలో రెండు మూడు డిగ్రీల దూరంలో ఉన్న పక్క ఉపగ్రహాల మీద కూడా పడుతుంది. ఆ అంతరాయాన్ని అదుపులో ఉంచడానికే పెద్ద డిష్ అవసరమవుతుంది. ఒక్కో బిట్‌ను ఒక కోడ్ ప్రకారం 128 చిప్‌లుగా (అతి చిన్న ముక్కలుగా) పరిచి పంపితే అదే శక్తి 128 రెట్లు వెడల్పైన బ్యాండులో పలచబడుతుంది కనుక పక్క ఉపగ్రహానికి తగిలేది స్వల్పం. హబ్‌లో అదే కోడ్‌తో తిరిగి కూడినప్పుడు మాత్రం దాదాపు 21 డెసిబెల్స్ లాభం దక్కుతుంది. తుపాను గాలులకు ఎదురు నిలవాల్సిన గట్టు మీద డిష్ ఎంత చిన్నదైతే అంత మేలు. 1980ల చివర్లో నిక్‌నెట్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ నెట్‌వర్క్) మన జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపిందీ ఈ పద్ధతి వీశాట్లతోనే.

రెండో కారణం చెరువుల స్వభావంలోనే ఉంది. రాత్రంతా ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురద ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి గనుక తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్ని చెరువుల్లోనూ ఇంచుమించు ఒకేసారి పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగితే ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయక తప్పదు. అంటే హెచ్చరికలన్నీ ఒకే వేళకు బయలుదేరతాయి. మామూలు ఎలోహా పద్ధతిలో (వంతు చూడకుండా ఎవరికి వారు పంపేదానిలో) ఢీకొన్న సందేశాలు పోతాయి, ఛానల్‌లో గరిష్ఠంగా 18 శాతమే పనికొస్తుంది. ఈ సేవలో ఒకదానిమీద ఒకటి పడిన సందేశాలను కూడా చిప్‌ల కాలభేదాన్ని బట్టి హబ్ విడదీయగలదు. ఒకేసారి పంపేవారు మరీ పెరిగితే అందరికీ నాయిస్ పెరుగుతుందన్న పరిమితి మాత్రం ఉంది. టీడీఎంఏలో (ఒక్కొక్కరికి వేరే సమయపు వంతు ఇచ్చే పద్ధతిలో) ముందుగా వంతు అడిగి, హబ్ జవాబు వచ్చాక పంపడం వల్ల అర సెకనుకు పైగా పోతుంది గానీ, రొయ్యలకు అది లెక్కలోది కాదు.

సేవా సంస్థ కరపత్రంలో రాసిన ‘వానకు చెక్కుచెదరదు’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఈ సేవ నడిచే కేయూ బ్యాండ్‌లో (ఉపగ్రహాలు వాడే ఒక అధిక పౌనఃపున్య శ్రేణిలో) జోరువాన సంకేతాన్ని మింగేస్తుంది. పరచడం వల్ల బిట్‌కు దక్కే శక్తి పెరగదు కాబట్టి ఆ నష్టం తీరదు. నైరుతి వానల్లో లింకు తెగినప్పుడు టెర్మినల్ రీడింగులను దాచుకుని తరువాత పంపుతుంది, కానీ ఆలస్యంగా అందిన హెచ్చరిక హెచ్చరికే కాదు. అందుకని గట్టు మీద సైరన్ తప్పనిసరిగా పెట్టుకోవాలి. వీడియోకు ఈ సేవ పనికిరాదు.

బిగింపు నాసిగా ఉంది. కేబుల్ కనెక్టర్‌కు రబ్బరు టేపు చుట్టకుండా వదిలేశారు. ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చబడి, పంపే శక్తి పడిపోయింది. ఫిర్యాదు చేసినా మనిషి రావడానికి చాలా రోజులు పట్టింది. డిష్ నడినెత్తికి దగ్గరగా చూస్తుంది కనుక దూరపు చెట్లు అడ్డు కావు, కానీ పక్కనే ఉన్న కొబ్బరి మట్ట వంగినా సంకేతం తగ్గుతుంది. స్థలం ఎంచేటప్పుడే అది చూడాలి. సాంకేతికంగా ఈ సేవను నేను సిఫారసు చేస్తాను. సీలింగు, ఏటా కనెక్టర్ల మార్పు, మరమ్మతు గడువు ఒప్పందంలో రాసి ఇచ్చాకే డబ్బు కట్టండి.