విడిగా ఒక్కరితోనా, కుటుంబమంతటితోనా: థెరపీలో రెండు పద్ధతులు

హైదరాబాద్‌లో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్నవారికి థెరపిస్టులు అందించే సాయం సాధారణంగా వ్యక్తితో విడిగానో, కుటుంబంతో కలిసో సాగుతుంది.

విడి సెషన్ పెద్దవారికి ఎక్కువ నప్పుతుంది. తనకు ఏడీహెచ్‌డీ ఉందని ముప్పై దాటాక తెలుసుకున్న గచ్చిబౌలి ఐటీ ఉద్యోగి తన ఆందోళనను, వాయిదా వేసే అలవాటును ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోవచ్చు. అక్కడ గోప్యతే ముఖ్యం.

చిన్న పిల్లల విషయం వేరు. వారానికి ఒకటి రెండు గంటల సెషన్‌లో నేర్చినది మిగతా రోజుల్లో ఇంట్లో కొనసాగకపోతే నిలవడం కష్టం కనుక, స్నానం, భోజనం, ఆట వంటి రోజువారీ సందర్భాల్లో బిడ్డ సంకేతాలను గమనించి స్పందించడాన్ని తల్లిదండ్రులకు నేర్పడమే మేలని నా అభిప్రాయం. ఎదుగుదలలో ఆలస్యం లేదా వైకల్యం ఉన్న రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిక్షణలో 9 బృంద సమావేశాలు, 3 ఇంటి సందర్శనలు ఉండడానికి కారణమూ ఇదే. పైగా, కలిసి కూర్చున్నప్పుడే "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారెందుకు" అనే నానమ్మ మాట కూడా చర్చకు వస్తుంది. ఆ మాటను కొట్టిపారేయకూడదు: ఆటిజం, ఏడీహెచ్‌డీలలో వంశపారంపర్య ప్రభావం బలమైనది కాబట్టి, బిడ్డ కోసం వచ్చిన తండ్రి తన లక్షణాలనే గుర్తుపట్టడం అరుదేమీ కాదు.

అప్పుడు ఆయనకు విడి సెషన్ అవసరమవుతుంది. కౌమారంలో ఉన్నవారికైతే, ముందు వారితో ఏకాంతంగా మాట్లాడి, ఇంట్లో ఏది చెప్పవచ్చో వారినే అడిగి, ఆ తరువాతే తల్లిదండ్రులను పిలవడం సబబు.