తోయడమా, జంపర్ వైర్లా, కొత్త బ్యాటరీయా?

తాళం తిప్పినా కారు పలకకపోతే చుట్టూ చేరిన నలుగురూ చెప్పేది ఒకటే: బ్యాటరీ పోయింది, మార్చేయండి. డబ్బు వదిలించుకునే ముందు ఆ చప్పుడేమిటో శ్రద్ధగా వినండి.

టకటకమని వరుసగా కొట్టుకుంటూ డాష్‌బోర్డు లైట్లు మసకబారితే కరెంటు చాలడం లేదు. ‘టక్’మని ఒక్కసారే మోగి, లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతుంటే ఇంజన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు వదిలే స్విచ్చు సోలెనాయిడ్‌నో అనుమానించాలి. ఇనుము ఒరుసుకున్నట్టు గరగరమంటే సెల్ఫ్ పళ్లు ఇంజన్ చక్రం ఫ్లైవీల్ పళ్లలో సరిగ్గా కూర్చోవడం లేదు. పదేపదే తిప్పి ఉన్న పళ్లు అరగదీయవద్దు. ఇంజన్ హుషారుగా తిరిగి కూడా అందుకోకపోతే బ్యాటరీని నిందించి లాభం లేదు, పెట్రోలు సరఫరానో స్పార్కునో చూడాలి.

తోయడం, జంపర్ వైర్లు, కొత్త బ్యాటరీ అనే మూడు దారులూ మొదటి రకం, అంటే టకటక చప్పుడుకే. దానికైనా నా ఓటు ముందు బోనెట్ ఎత్తడానికి. మన విశాఖలో బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, భీమిలి వైపు ఆరుబయట నిలిపే బండ్లను ఉప్పుగాలి ఊరికే వదలదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకుని, వైరు పట్టే క్లాంపు చేత్తో కదిలిందంటే సగం రోగం దొరికినట్టే. నల్ల వైరు ముందు విప్పి, తర్వాత ఎర్రది తీయండి. వంటసోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో తోమి, తుడిచి ఆరనివ్వండి. బిగించేటప్పుడు ఎర్రది ముందు. పైన కాస్త వాజెలిన్ రాయండి.

అప్పటికీ కదలకపోతే తోయడం కన్నా, మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే జంపర్ వైర్లే మేలు. ఆటోమేటిక్ గేరు కారును ఎంత తోసినా ప్రయోజనం ఉండదు. మాన్యువల్ అయితే రెండో గేరులో క్లచ్ తొక్కి, వేగం అందాక వదిలితే అందుకోవచ్చు. కానీ మన ఊరి వాలు చూసి ఆశపడి కైలాసగిరి, సింహాచలం ఘాట్లలో మాత్రం ఈ సాహసం వద్దు. ఇంజన్ ఆగిన బండికి బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. జంపర్ పెట్టేటప్పుడు చివరి నల్ల క్లిప్పును చచ్చిన బ్యాటరీకి కాకుండా ఇంజన్ లోహానికి తగిలించాలి; బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేస్తే అక్కడి హైడ్రోజన్ అంటుకునే ప్రమాదం ఉంది.

కొత్త బ్యాటరీ మాట చివర్లో. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటరు దాదాపు 14 వోల్టులు చూపించాలి. 12 దగ్గరే నిలిచిపోతే తప్పు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వైపుది, కొత్త బ్యాటరీ కొన్నా అదీ ఖాళీ అవుతుంది. ఛార్జింగ్ బాగానే ఉండి, నిండా ఛార్జి చేసిన బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉండి తెల్లారేసరికి 12.6 నుంచి బాగా దిగజారితే అప్పుడు కొనండి.

తుపాను వానలో మునిగిన కారుకు ఇవేవీ వర్తించవు. సిలిండర్లలో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. తాళం ముట్టుకోకుండా టోయింగ్ బండిని పిలవండి.