ఏ.సి. గార్డ్స్‌లో సిద్దీల కథలు: ఒక హెరిటేజ్ వాక్ అనుభవం

మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏ.సి. గార్డ్స్ మీదుగానే ఏళ్ల తరబడి ఆఫీసుకు వెళ్తున్నాను గాని, ఆ రెండు పొడి అక్షరాలకు ఆఫ్రికన్ కావల్రీ అని అర్థమని, నిజాం అశ్వదళంలో పనిచేసిన, ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు కాపురమున్న చోటు కాబట్టే బస్తీకి ఆ పేరు వచ్చిందని మొన్న ఆదివారం దాకా పట్టించుకోలేదు. ఇలాంటి నడకలు నిర్వహించే ఒక చిన్న బృందం మనిషికి 600 రూపాయలు తీసుకుని, గల్లీలన్నీ తిప్పి, చివర ఒక సిద్దీ పెద్దాయన వాకిట్లో కూర్చోబెట్టి ఆయన చేత కథలు చెప్పిస్తుంది.

మొదటి గంట దండగ. దాదాపు ముప్పై మందిని ఒకే గుంపుగా నడిపించడంతో వెనకున్న మాకు ఆటోల హారన్లు తప్ప ఏమీ వినబడలేదు.

పెట్టిన డబ్బుకు ఫలితం ఆ వాకిట్లోనే దక్కింది. పెద్దాయన గోడ మీది ఫొటో దించి, అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచి, యూనిఫాంలో ఉన్న తన తాతను చూపించారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమై, తరువాత దళం రద్దయ్యాక కూడా ఆ తాత తెల్లవారకముందే లేచి, మాలీషు చేయడానికి గుర్రం లేక, వాకిట్లో ఊరికే పచార్లు చేసేవాడట. ఆ గుర్రం నల్లదని ఆయన చెబుతుంటే, పోయినసారి తెల్లదన్నావు కదా దాదా అని మనవరాలు అడ్డుపడింది. ఇద్దరూ దక్కనీలో వాదులాడుకోవడమే నాకు ఆ రోజు అన్నిటికంటే నచ్చిన ఘట్టం కాగా, సమయం మించిపోతోందని గైడ్ దాన్ని మధ్యలోనే తుంచేశారు.

ఆ తరువాత మర్ఫా, అంటే సిద్దీలు వాయించే దరువుల సంగీతం. పాత పేపర్లు అంటించి, ఆ సెగకు డఫ్ తోలును బిగిసేలా కాచారు. మా ఊళ్లో డప్పును కాచేదీ ఇలాగే. తీన్‌మార్ దరువు మొదలుకాగానే పక్కింటి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. చివర పాడిన పాటలో కొన్ని మాటలకు అర్థం తనకూ తెలియదని, నాన్న పాడినట్టే పాడుతున్నానని పెద్దాయన అన్నారు.

నా ప్రధానమైన ఫిర్యాదు వనపర్తి గురించి. ఈ దళానికి మూలం వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారితో ఏర్పరచుకున్న అంగరక్షక దళం. 19వ శతాబ్దంలో అది నిజాం కొలువుకు చేరింది. ఇంత దగ్గరి సంగతిని గైడ్ ఒక్క వాక్యంలో దాటేశారు, అదీ ఇంగ్లీషులో. వనపర్తి ఉన్న పాలమూరువాణ్ణి కాబట్టి నాకు మరీ గుచ్చుకుందేమో. తెలుగులో నడిపించే వీలుందా అని అడిగితే, పదిమంది కలిసి వస్తే చూస్తామన్నారు. ఇప్పటికి మేం ఆరుగురం పోగయ్యాం.