పన్నెండేళ్ళుగా నా దగ్గరున్న పీటర్సన్ సిస్టమ్ పైపు

పల్లావరం శుక్రవారం సంతలో పాత గడియారాలు, ఇత్తడి తాళాల మధ్య, పొగ తాగే ఈ పీటర్సన్ పైపు దొరికి పన్నెండేళ్ళు దాటింది. పొగాకు నింపే గిన్నె నిండా బొగ్గుపట్టు, నోట్లో పెట్టుకునే కాడంతా పాచిరంగు. అయినా కొన్నాను, గిన్నెనీ కాడనీ కలిపే మెడ మీది సన్నటి అక్షరాలు చూసి: ‘మేడ్ ఇన్ ది రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్’. ఐర్లండ్ గణతంత్రమైంది 1949లో. దీని వయసు తెలిపేది ఆ ముద్రే.

ఇంటికి తెస్తే మా ఆవిడ ముట్టుకోలేదు. “ఎవరి నోట్లోదో ఏమో, వంటింట్లోకి తేకండి” అంది. న్యాయమైన మాటే. గిన్నెలో కల్లుప్పు నింపి, అది తడిసేదాకా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలుగా వేసి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి ఉప్పు బెల్లం రంగుకు తిరిగింది. పాత వాసన పూర్తిగా పోవడానికి మూడు రాత్రులు పట్టింది. బొగ్గుపట్టు మొత్తం గీకెయ్యలేదు, రూపాయి బిళ్ళ మందాన ఉంచాను. చెక్క కాలకుండా కాపాడేది అదే. పైన మసి తుడిచాక అసలు బ్రయర్ బయటపడింది. మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా పొద మొదట్లో, వేరు దగ్గర ఊరే బుడిపె అది. గిన్నె చుట్టూ నిలువు చారలు, అడుగున పిట్టకళ్ళలాంటి చుక్కలు. ఆ సాయంత్రమంతా దీపం కింద తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను.

వానాకాలంలో మా తాత చుట్టల కట్టను పొయ్యి దగ్గర పెట్టేవాడు. చెన్నై తేమలో ఆయన బాధ నాకర్థమైంది. పొగాకు చెమ్మగిల్లితే మామూలు పైపు నాలుగు దమ్ములకే గుడగుడమంటుంది. ఇందులో పొగదారి కింద చిన్న గుంట ఉంది, చెమ్మ అక్కడ దిగిపోతుంది. చార్లెస్ పీటర్సన్ 1890లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటది, ‘సిస్టమ్’ అన్న పేరు దానిదే. నోట్లో పెట్టుకునే కొసకు ఆయనిచ్చిన రూపం పి-లిప్, 1898 నాటిది. అందులో రంధ్రం కాడ కొసన పైవైపుకి ఉంటుంది. పొగ అంగిలికి తగులుతుంది, నాలుక మండదు. వారానికొకసారి మించి వెలిగించను గానీ, వెలిగించిన ప్రతిసారీ ఆ గుంటను దూదితో తుడుస్తాను. ఒకసారి మరిచిపోతే వారం తర్వాత పులిసిన వాసన కొట్టింది.

కాడ వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వెలుతురు తగిలితే ఆ గంధకం పైకొచ్చి పచ్చబారుతుంది. ఒక మే నెలంతా కిటికీ గట్టు మీద వదిలేసి, తర్వాత రెండు ఆదివారాలు తడి ఉప్పుకాగితంతో రుద్దాను. ఇప్పుడు నూలు సంచిలో పెట్టి బీరువాలో ఉంచుతున్నాను. ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు, వానల్లో బూజు పడుతుంది.

నాకు మిగిలిన బాధ ఇంకో పైపుది. ఒక పాతసామాన్ల దుకాణంలో డబ్బు కట్టాక, మెరుగుపెట్టి ఇస్తామన్నారు. తళతళలాడుతూ తిరిగొచ్చింది గానీ, మెడ మీది ముద్ర మొత్తం అరిగిపోయింది. అది ఏ కాలం నాటిదో ఇక తేల్చుకోలేను. అందుకే సంతలో మెరిసే పైపుల్ని పక్కనపెట్టి, మసిపట్టిన వాటినే చేతిలోకి తీసుకుంటాను. మెడ మీద బొటనవేలితో మెల్లగా రుద్ది, అక్షరాలు తగులుతున్నాయేమో చూస్తాను.