కనుమ కూరకి కుందేలా, కౌజులా, నాటు కోడా?

సంక్రాంతి దగ్గర పడుతుందంటే చాలు, పాతపట్నం నుంచి మా ఆడపడుచు, పాలకొండ నుంచి మా పిన్ని కూతురు, ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధివాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. "వదినా, కనుమకి ఈసారి కుందేలు వండుదామా? కౌజులు నయమా? లేకపోతే ఎప్పటిలాగే నాటు కోడేనా?" మూడూ మా ఇంట్లో చాలాసార్లు వండినవే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట. కుందేలు అనగానే కొందరికి కొండ మీది చెవులపిల్లే, అంటే అడవి కుందేలే, కావాలి. సంతలో అడిగితే ఎవరో ఒకరు తెచ్చిపెడతారు కదా అంటారు. దయచేసి ఆ పని చేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెవులపిల్లిని వేటాడటం నేరం. దాని మాంసం కొన్నా, ఇంట్లో దొరికినా కేసే. పైగా ఇప్పుడు వేటంటే ఉచ్చులూ వలలే కాదు. పందుల కోసం రాత్రిళ్ళు పరిచే కరెంటు తీగ మీద కాలు పడి మనుషులే పోతున్నారు. "మా ఫారంలో అడవి కుందేళ్ళనే పెంచుతున్నాం" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ రెండూ వేర్వేరు జాతులు. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. ఫారం కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి.

ఉడత సంగతి కూడా ఇద్దరు అడిగారు. రాముడు నిమిరాడని చెప్పుకునే జీవిని మా ఇంట్లో ఎవరూ తినరు, అందులో తినడానికి ఉండేదీ ఏమీ లేదు. అడవిలో ఉండే పెద్ద బెట్టుడతకి చట్టం రక్షణ ఉంది. ఆ మాట వదిలేద్దాం.

ఇక కౌజులు. ఫారం కౌజు అయిదారు వారాలకే కోతకి వస్తుంది. ఒక్కోటి నూట యాభై, రెండు వందల గ్రాములు తూగుతుంది. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలు ఎముకతో సహా నమిలేస్తారు. కానీ పండగ రోజు పదిమంది కూర్చుంటే ఇరవై పిట్టలు కావాలి, అవన్నీ శుభ్రం చేసేసరికి నడుము పడిపోతుంది. నంజుకోవడానికి బాగుంటాయి గానీ అన్నంలో కలుపుకునే పులుసు వాటితో రాదు. వలేసి పట్టిన పూరేడు పిట్టల్ని కౌజులని చెప్పి అమ్మబోతే తీసుకోకండి.

నాటు కోడి గురించి మీకు నేను చెప్పేదేముంది. గారెల్లోకి దాన్ని మించింది లేదు.

మిగిలింది కుందేలు. కొనేటప్పుడు అందరూ రేటు చూస్తారు, బరువు చూస్తారు, రంగు చూస్తారు. నన్నడిగితే చూడాల్సింది వయసు. ఈ సంగతి నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది.

మూడేళ్ళ కిందట ఒక ఫారం నుంచి లేత కుందేలని చెప్పి ఒకటి తెచ్చారు మావారు. నేను వేపుడు పెట్టాను. ముప్పావు గంటైనా ముక్క కొబ్బరి పీచులా ఉంది. పంటి కింద పడితే సాగుతోంది తప్ప తెగట్లేదు. తర్వాత తెలిసింది, అది ఈతలైపోయిన ముసలి ఆడ కుందేలట. భోజనాల వేళ దాటిపోతోంది, ఇంటినిండా చుట్టాలు, నాకు ఒకటే టెన్షన్. అప్పుడు మా అత్తగారు మాట్లాడకుండా ఆ వేపుడంతా మట్టికుండలోకి ఎత్తారు. మునిగేదాకా వేడి నీళ్ళు పోశారు. నానబెట్టి ఉడికించి, నీళ్ళు పారబోసిన ఎండు వెదురు కొమ్ములు, అంటే ఎండబెట్టిన లేత వెదురు మొలకలు, వేశారు. మూత పెట్టి, రెండు పుల్లలు తప్ప మిగతా కట్టెలన్నీ పొయ్యిలోంచి లాగేశారు. మధ్యాహ్నం చుట్టాలకి పప్పు, వంకాయ కూరతో వడ్డించాం. సాయంత్రం దీపాల వేళకి మూత తీస్తే ముక్క ఎముక నుంచి దానంతట అదే జారుతోంది. దించాక నూరిన ఆవ కలిపారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేనమ్మా, మా నాన్న తెచ్చిన చెవులపిల్లి కూర ఇదే" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు కొరాపుట్ జిల్లా. అక్కడ చైత పరబ్ పండగకి మగవాళ్ళంతా బెంటకి, అంటే వేటకి, వెళ్ళే ఆచారం ఉండేది. మన మన్యంలో ఇటుకల పండగ లాగే. ఆ కూర రుచి గురించి చెప్పి చెప్పి మురిసిపోయేవారు. అది అడవి జంతువుకే ఉండే రుచి కాబోలు, మనకిక దొరకదు అనుకునేదాన్ని. నిజమే, చెవులపిల్లి మాంసం ఎర్రగా, చిక్కగా ఉంటుంది, ఫారం కుందేలు కోడి మాంసంలా తెల్లగా ఉంటుంది. కానీ ఆవిడ గుర్తుపెట్టుకున్నదాంట్లో సగానికి పైగా ముదురు ముక్కది, సన్న సెగది, ఆవది.

అప్పటి నుంచీ నేను ముందే చెప్పి తెప్పించుకుంటాను. వేపుడుకైతే మూడు నెలలది. న్యూజిలాండ్ వైట్ జాతిది గానీ సోవియట్ చించిల్లా జాతిది గానీ ఆ వయసుకి సుమారు రెండు కిలోలు వస్తుంది, చర్మం, పేగులు పోతే అందులో సగమే కూరకి మిగులుతుంది. పులుసుకైతే ఏడెనిమిది నెలలది. ఫారం వాళ్ళు మాట మార్చినా వయసు దాచడం కష్టం. లేతదాని చెవి పల్చగా ఉంటుంది, గోళ్ళు సన్నగా, వాడిగా, పాదం బొచ్చులో దాగి ఉంటాయి. ముదిరినదానికి చెవి మందంగా అట్టలా తగులుతుంది, గోళ్ళు గరుకుగా బయటికి పొడుచుకొస్తాయి.

కుందేలు మాంసంలో కొవ్వు బాగా తక్కువ, అందుకే కోడికి పోసినట్టు నూనె పోస్తే చాలదు. కిలోకి ఇంకో రెండు గరిటెలు పప్పు నూనె ఎక్కువే పోస్తాను. కార్జానికి అంటుకున్న పచ్చటి తిత్తి చిట్లకుండా కోసి పారేయండి, చిట్లిందంటే కూరంతా చేదు. ముక్కకి అంటుకున్న బొచ్చు నీళ్ళతో కడిగితే పోదు, తడిగుడ్డతో తుడిచి తీయాలి. ఆవ ఎప్పుడూ దించాకే కలపండి, మరిగితే చేదెక్కుతుంది. ఎముకలు సన్నగా చీలి గుచ్చుకుంటాయి, చిన్నపిల్లలకి ముక్క విడదీసి పెట్టండి.

గారెలతో తినాలంటే కోడి, పొద్దున్నే పిల్లలకి ఏదో ఒకటి వేయించాలంటే కౌజులు తెచ్చుకోండి. అన్నంలో కలుపుకుని మళ్ళీ అడిగి వడ్డించుకునే పులుసు కావాలంటే మాత్రం ముదురు కుందేలే. మా ఇంట్లో ఈ కనుమకీ అదే. భోగి నాడే ఫారానికి ఫోన్ చేసి "ఎనిమిది నెలలది, ఈనని ఆడదైనా పరవాలేదు" అని చెప్పి పెడతాను. కనుమ రోజు పొద్దున్న కాఫీలవగానే కుండ పొయ్యెక్కాలి, ఆలస్యం చేస్తే మధ్యాహ్నం మళ్ళీ పప్పు, వంకాయ కూరే.